ఇంటి తెలుగు, పుస్తకపు తమిళం: కి. రాజనారాయణన్ నవలా జీవితం

ఆధునిక తమిళ కథాసాహిత్యంలో ‘కరిసల్ సాహిత్యం’ అనే శాఖకు మూలపురుషుడుగా కి. రాజనారాయణన్‌ను విమర్శకులు గుర్తిస్తారు. తమిళ పాఠకులకు ఆయన ‘కి. రా.’. ఆయన ఇంటిలో మాట్లాడిన భాష తెలుగు. పుస్తకాలు రాసిన భాష తమిళం. తెలుగు కుటుంబాలు కొన్ని దక్షిణానికి వలస వచ్చి, అడవి కాల్చి, ఊరు కట్టుకొన్న వృత్తాంతాన్ని ఇతివృత్తంగా తీసుకొని ఆయన రాసిన ‘గోపల్ల గ్రామం’ 1976లో వెలువడింది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల నుండి వచ్చే విద్యార్థులు ఈ నవల ప్రస్తావన రాగానే ఒక ప్రశ్న వేస్తారు: “ఈయన మన రచయితేనా?” ప్రశ్న సహజమైనదే. కాని దీనికి అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకొంటే, ఈ రచయిత జీవితం నుండి మనం నేర్చుకోవలసింది చేజారిపోతుంది. అందుచేత ముందు ఆయన జీవితాన్నీ, రచననూ పరిశీలించి, తరువాత ఆ ప్రశ్న దగ్గరకు వద్దాం.

రాజనారాయణన్ 1922లో, నేటి తూత్తుక్కుడి జిల్లా కోవిల్‌పట్టికి సమీపంలోని ఇడైసెవల్ గ్రామంలో ఒక తెలుగు వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. ఏడో తరగతితో బడి చదువు ఆగిపోయింది. వానకు తలదాచుకోవడానికే బడిలో నిలబడ్డాననీ, అప్పుడు కూడా పాఠం వినకుండా వాననే చూస్తూ ఉండిపోయాననీ ఆయన తన గురించి చెప్పుకొన్న చమత్కారం తమిళ లోకంలో ప్రసిద్ధం. సేద్యం చేశారు. కమ్యూనిస్టు పార్టీలో చేరి, 1947–51 మధ్య జరిగిన రైతు పోరాటాల సందర్భంలో రెండుమార్లు జైలుకు వెళ్ళారు. మొదటి కథ అచ్చయ్యేసరికి వయసు ముప్ఫయ్యైదు దాటింది. అదే గ్రామంలో పుట్టిన కు. అళగిరిసామి అప్పటికే కథకుడుగా పేరు పొందారు. సంగీతం మీదా సాహిత్యం మీదా సమానమైన మక్కువ గల ఈ ఇద్దరు మిత్రులకూ సాహిత్య అకాడెమీ పురస్కారం లభించడం విశేషం: అళగిరిసామికి 1970లో, మరణానంతరం, రాజనారాయణన్‌కు 1991లో, ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు. ఒక మెట్టపల్లె నుండి అకాడెమీ పురస్కారం పొందిన రచయితలు ఇద్దరు రావడం ఏ భాషలోనైనా అరుదు.

బడి చదువు పూర్తిచేయని ఈ రైతును 1980ల్లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం జానపద విజ్ఞానానికి ఆచార్యుడుగా ఆహ్వానించింది. ఆయన అక్కడే స్థిరపడి, జానపద కథల సేకరణలో చివరిదాకా మునిగి ఉన్నారు. 2021 మే 17న పుదుచ్చేరిలో, తొంభైఎనిమిదేళ్ళ వయసులో కన్నుమూశారు. తమిళనాడు ప్రభుత్వం ఇడైసెవల్‌లో అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించింది. జీవిత రేఖ స్థూలంగా ఇంతే. ఇందులో మనకు పనికివచ్చే అంశం పురస్కారాల పట్టికలో లేదు, భాషతో ఆయనకున్న సంబంధంలో ఉంది.

‘కరిసల్’ అంటే నల్లరేగడి నేల. ఆ మాట మొదట్లో వినిపించే ‘కరి’కి మన ‘కఱి’ చుట్టమే. వాన పడితే పంట, పడకపోతే పస్తు అన్నట్లుండే ఆ మెట్టనేలలో పత్తి, సజ్జ, జొన్న పండించే జనం మాట్లాడే తమిళం వేరు, ఆ రోజుల్లో పుస్తకాలకెక్కిన తమిళం వేరు. తమిళంలో గ్రాంథిక, వ్యావహారిక రూపాల మధ్య దూరం మన భాషలో కంటె ఎక్కువ. గిడుగు రామమూర్తి పంతులుగారి ఉద్యమం తరువాత మనం రాతలోకి తెచ్చుకొన్న శిష్టవ్యావహారికం వంటి మధ్యస్థ రూపం అక్కడ అంత తేలికగా స్థిరపడలేదు. కథల్లో పాత్రలు మాట్లాడేటప్పుడు వాడుకభాష రావచ్చు. కథకుడు నోరు విప్పితే మాత్రం పుస్తకభాషే రావాలన్నది అప్పటి మర్యాద. రాజనారాయణన్ ఈ మర్యాదను తోసిపుచ్చి, కథకుడి నోట కూడా కరిసల్ పలుకుబడినే పలికించారు. ఆయన తెచ్చిన మార్పులో కీలకం ఇదే.

ఇక్కడ భాషాశాస్త్ర విద్యార్థి ఆగి ఆలోచించవలసిన అంశం ఒకటుంది. ఇడైసెవల్ తెలుగు కుటుంబాలకు ఇంటిలో తెలుగు నోటిభాషగా మిగిలింది, లిపి మిగలలేదు. ఊళ్ళో వాడే కరిసల్ తమిళానికి ప్రాణముంది; పుస్తకాల్లో గౌరవం లేదు. బడిలో నేర్పే తమిళానికి గౌరవముంది. అది ఆ ఊళ్ళో ఎవరి నోటా లేదు. ఈ మూడింటిలో ఏది రాయాలో ఎంచుకోవలసి వచ్చినప్పుడు ఆయన రెండోదాన్ని ఎంచుకొన్నారు. అంటే లిపి ఉన్నవాటిలో నోటికి అతి దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకొన్నారు. తెలుగును విడిచిపెట్టి తమిళాన్ని వరించారని అనడం కంటె, చెవికి తెలిసిన భాషనే చేతితో రాశారని అనడం సత్యానికి దగ్గర. ఇంటిలో ఒక భాష, వీధిలో ఒక భాష వింటూ పెరిగినవాడికి మాటల మధ్య భేదం పట్టే చెవి చిన్ననాడే ఏర్పడుతుంది. ఆ చెవి ఆయన రచనకు మూలధనం అని మా అభిప్రాయం.

ఆయన పేరు వినగానే తమిళులకు గుర్తువచ్చే ‘కదవు’ (తలుపు) కథను చూడండి. పేద ఇంటి పిల్లలు తలుపు పట్టుకొని ఊగుతూ ఆడుకొంటారు. పన్ను బకాయి కింద ఆ తలుపును ఊడబీకి తీసుకుపోతారు. తండ్రి ఊళ్ళో లేడు. తల్లి కూలికి పోతుంది. తలుపు లేని ఇంటిలోకి చలిగాలి కొట్టి పసిబిడ్డ చనిపోతాడు. కొంతకాలానికి పిల్లలకు ఆ తలుపు చావడి దగ్గర చెదలు పట్టి కనిపిస్తుంది. వాళ్ళు దాన్ని కావలించుకొంటారు. కథ అంతే. పన్నుల విధానం మీద ఒక్క విమర్శవాక్యం లేదు. రైతు పోరాటాల్లో జైలుకు వెళ్ళివచ్చిన మనిషి రాసిన కథలో ఉపన్యాసం లేకపోవడం గమనింపదగింది. తలుపు పిల్లలకు ఆటవస్తువు, సర్కారుకు జప్తు సరుకు, బిడ్డకు ప్రాణం. ఒకే వస్తువును ముగ్గురి వైపు నుండి చూపడంతో చెప్పవలసిందంతా చెప్పినట్లయింది.

ఇక ‘గోపల్ల గ్రామం’. ఆ పేరులోని ‘పల్ల’ మా చెవికి ‘పల్లె’గానే వినిపిస్తుంది. నవల ఒక హత్యతో కదులుతుంది. నీటికోసం చెరువులో దిగిన గర్భవతిని నగలకోసం ఒక దొంగ నీళ్ళలో ముంచి చంపుతాడు. ప్రాణం పోతూ ఆమె వాడి కాలివేలిని పళ్ళతో కరిచి పడుతుంది; దొంగ దొరికిపోతాడు. ఊరిపెద్దలు విచారించి కొరత వేయిస్తారు. ఇంకా సర్కారు చట్టం చేరని ఊరది. తీర్పు చెప్పే అధికారం ఆ ఊరికి ఎక్కడి నుండి వచ్చింది? ఈ ఊరివాళ్ళెవరు? ఇటువంటి ప్రశ్నలకు జవాబుగా నూటముప్ఫయ్యేడేళ్ళ ముసలమ్మ మంగత్తాయారు నోట పూర్వకథ వస్తుంది. తెలుగుదేశంలో ఒక తురక రాజు తమ ఆడపిల్ల చెన్నాదేవిని కోరడం, ఇవ్వలేక రాత్రికి రాత్రి కుటుంబాలు ఊరు విడవడం, వెంట తరుముకొస్తున్న సైన్యం, ఎదురుగా నది, ఆ నది మీద ఒక చెట్టు వంగి దారి ఇవ్వడం, చివరకు దక్షిణాన అడవికి నిప్పుపెట్టి నేల సాగుచేసుకోవడం, ఇవన్నీ ఆమె చెప్పేవే. తరువాత మిడతల దండు, దోపిడీ దొంగలు, కుంపిణీ పాలన వరుసగా ఆ ఊరిమీదకు వస్తాయి.

ఈ వలస గాథను చరిత్రగా చదవడం పొరపాటు. రాజు పిల్లను కోరడం, కుటుంబం పారిపోవడం, నది దారి ఇవ్వడం అన్నవి దక్షిణాదిన స్థిరపడిన అనేక కులాల కథల్లో మళ్ళీ మళ్ళీ వినిపించే కథాంశాలు. చరిత్ర చూపే కారణాలు వేరు. మధురలో విశ్వనాథ నాయకుడితో 1529లో మొదలైన నాయకరాజుల పాలన 1736 దాకా సాగింది. విజయనగర సైన్యాల వెంటా, ఆ నాయకుల పాలెగాళ్ళ వెంటా, మెట్టనేలల ఆశతోనూ తెలుగు కుటుంబాలు తండోపతండాలుగా దక్షిణానికి తరలాయి. బతుకుతెరువుకో అధికారం వెంటో వచ్చిన జనం, కొన్ని తరాల తరువాత తాము మానం కాపాడుకోవడానికి వచ్చామని ఎందుకు చెప్పుకొంటారు? వలస వచ్చినవాడికి కొత్త నేల మీద హక్కు కావాలి. ఆ హక్కును ఖడ్గం పేరిట అడిగితే పొరుగువాడు ఒప్పుకోడు. కష్టం పేరిట, దైవానుగ్రహం పేరిట అడిగితే ఒప్పుకొంటాడు. ఈ సంగతిని ఎత్తిచూపే వ్యాఖ్యానం నవలలో ఉండదు. కథను నూటముప్ఫయ్యేడేళ్ళ ముసలమ్మ నోట పెట్టడమే రచయిత చేసిన హెచ్చరిక. అంతటి వయసును నమ్మినవాడు చెట్టు వంగడాన్నీ నమ్మవచ్చు. నమ్మనివాడు రెండింటినీ జ్ఞాపకం అల్లిన బట్టగా చూడవచ్చు. తురక రాజు పాత్రను కూడా ఈ దృష్టితోనే చదవాలి. దాన్ని ఒక మతస్థుల చరిత్రగా తీసుకోవడం నవలను తగ్గించి చదవడమే అవుతుంది.

మన సాహిత్యచరిత్ర గ్రంథాల్లో ‘దక్షిణాంధ్ర యుగం’ అని ఒక అధ్యాయం ఉంటుంది. తంజావూరు రఘునాథ నాయకుడు, ఆయన ఆస్థానంలోని చేమకూర వేంకటకవి, విజయరాఘవుని కొలువులోని రంగాజమ్మ, మధురలో వెలసిన వచన కావ్యాలు, ఇవి మన పాఠ్యాంశాలే. ఆస్థానాలు పోగానే ఆ అధ్యాయం మూతపడుతుంది. ఆ రాజుల కాలంలో దక్షిణానికి వచ్చిన రైతులూ కూలీలూ నేతగాళ్ళూ మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇళ్ళలో తెలుగు మాట్లాడుతూనే ఉన్నారు. వారి కథ మన సాహిత్యచరిత్రలో లేదు. ఆ లేని అధ్యాయమే ‘గోపల్ల గ్రామం’. అయితే అది తెలుగులో రాయబడలేదు. ఆస్థానకవులకు తెలుగు లిపి ఉంది, జనం కథ పట్టలేదు; ఇడైసెవల్ రచయితకు జనం కథ ఉంది, తెలుగు లిపి లేదు.

దీని ప్రభావం నవల శైలిలోనే కనిపిస్తుంది. తెలుగుదేశం నుండి పారిపోతున్న మనుషులు ఈ పుస్తకంలో కరిసల్ తమిళం మాట్లాడతారు. ఆ నల్లనేలను ఇంకా కంటితో చూడనివారు ఆ నేల పలుకుబడితో ఏడుస్తారు, వేడుకొంటారు. దీన్ని లోపమనడానికి వీల్లేదు; తమిళ నవలలో తమిళమే ఉంటుంది. కాని వలస మొత్తాన్నీ గమ్యస్థానపు భాషలో చెప్పడం వల్ల బయలుదేరిన చోటు క్రమంగా పురాణంగా మారిపోతుంది. చేరిన చోటు మాత్రం రాయి రాయిగా, మొక్క మొక్కగా కనిపిస్తుంది. తెలుగుదేశం ఈ నవలలో ఒక రాజు, ఒక పిల్ల, ఒక నది. గోపల్లపురంలో అయితే పశువుల రకాలు, కట్టెల రకాలు, మనుషుల మారుపేర్లు అన్నీ ఉన్నాయి. భాష పోగొట్టుకొన్న జ్ఞాపకం ఎలా ఉంటుందో చూపడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు తెలియదు.

గుణాలతో పాటు పరిమితులు కూడా చెప్పుకోవాలి. ‘గోపల్లపురత్తు మక్కళ్’ పూర్వభాగంలో ఊరి మనుషులు, కొత్త వస్తువులు ఊళ్ళోకి వచ్చినప్పటి వింతలు ఎంతో హాయిగా నడుస్తాయి. ఉత్తరభాగంలో స్వాతంత్ర్యోద్యమం వచ్చి 1947 దాకా సాగుతుంది. అక్కడ సంఘటనలు ఊరి నోటి నుండి కాక వార్తాపత్రిక నుండి వచ్చినట్లు తోస్తాయి. పాత్రలు పక్కకు తప్పుకొని తేదీలు ముందుకు వస్తాయి. వారపత్రికలో ధారావాహికగా రావడం కొంత కారణం కావచ్చు. అకాడెమీ పురస్కారం దీనికి వచ్చినా, శిల్పరీత్యా మేము ‘గోపల్ల గ్రామా’నికే పెద్దపీట వేస్తాం.

రెండో పరిమితి ఇంకా ముఖ్యమైనది. ఈ రెండు నవలల్లోనూ ఊరిని భూమిగల నాయకర్ల వసారా నుండే చూస్తాం. దక్షిణానికి వచ్చిన తెలుగువారు భూస్వాములే కారు. తమిళనాట అరుంధతీయ కుటుంబాలలో ఇంటిభాష తెలుగైనవి ఎన్నో ఉన్నాయి. వారి వలస గాథలో చెట్టు వంగిందో లేదో ఈ నవలలు చెప్పవు. కరిసల్ సాహిత్యంలోనే తరువాత వచ్చిన పూమణి తన ‘పిఱగు’ నవలలో (1979) చెప్పులు కుట్టే అళగిరిని కథానాయకుడిని చేసి ఆ ఖాళీని కొంత పూరించారు. ఆ దారిలోనే పూమణికి 2014లో, చో. ధర్మన్‌కు 2019లో అకాడెమీ పురస్కారాలు వచ్చాయి. తాను వేసిన బాటలో తనను సవరించేవారు నడవడం ఏ రచయితకైనా పెద్ద గౌరవమే.

రాజనారాయణన్ చేసిన మరొక పని నవలల కంటె తక్కువది కాదు. కరిసల్ ప్రాంతపు మాటలన్నీ పోగుచేసి ఆయన ఒక నిఘంటువు కూర్చారు. తమిళంలో ఒక ప్రాంతపు వాడుకకు వెలువడిన తొలి నిఘంటువుల్లో దానికి స్థానముంది. మన భాషలో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి నేతృత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లోనే వచ్చింది. దాని వెనుక ఒక అకాడెమీ, శిక్షణ పొందిన క్షేత్ర పరిశోధకులు, ప్రశ్నావళులు ఉన్నాయి. కరిసల్ నిఘంటువు వెనుక ఉన్నది ఏడో తరగతి చదివిన ఒక రైతు, ఆయనకు మాటలు పంపిన మిత్రులు. శాస్త్రపద్ధతిలో మొదటిదానికి సాటి రాకపోవచ్చు. కాని మాట మీద ప్రేమ ఉన్నవాడు పట్టా కోసం ఆగనక్కరలేదన్న సంగతి మా విద్యార్థులకు రెండోదే బాగా చెబుతుంది.

ఇంటి భాష ఒకటి, రచనాభాష ఒకటి కావడం రాజనారాయణన్ ఒక్కరికే జరగలేదు. హోసూరుకు పక్కనే ఉన్న కన్నడ దేశంలో మాస్తి వెంకటేశ అయ్యంగారి ఇల్లు తమిళం, బేంద్రే ఇల్లు మరాఠీ. ఇద్దరూ కన్నడానికి జ్ఞానపీఠాలు తెచ్చారు. దూరాన చైనాలో ఆలాయ్ అనే నవలాకారుడున్నాడు. 1959లో సిచువాన్ రాష్ట్రపు పర్వతప్రాంతంలో టిబెటన్ సమాజంలో పుట్టి, చీనా భాషలో రాశాడు. టిబెటన్ దొరల పతనాన్ని చిత్రించిన ఆయన నవల 1998లో వచ్చి, 2000లో ఆ దేశపు ప్రతిష్ఠాత్మకమైన మావో దున్ పురస్కారం పొందింది. ఆలాయ్‌ను టిబెటన్ రచయిత అనాలా, చీనా రచయిత అనాలా అన్న చర్చ అక్కడా ఉంది. ఇటువంటి రచయితల వల్ల రాసిన భాష ధనవంతమవుతుంది. ఇంటి భాషకు దక్కేది కీర్తి మాత్రమే. ఒక్క వాక్యమైనా దక్కదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. రాజనారాయణన్ మన రచయితేనా? మా సమాధానం: ఆయన తమిళ రచయిత. ఆయన ఇంటిపేరు, కులం చూపి తెలుగు ఖాతాలో వేసుకోవడం ఆయన జీవితమంతా చేసిన పనిని చిన్నచూపు చూడడమే. కరిసల్ తమిళానికి ఆయన ఇచ్చింది తమిళులదే. మనకు చెందేది ఆయన కథ కాదు, ఆయన పద్ధతి. తన చుట్టూ ఉన్న మాటను సిగ్గుపడకుండా కాగితం మీద పెట్టడం, పెట్టేముందు చెవి ఒగ్గి వినడం ఆ పద్ధతి.

హోసూరు, డెంకణికోట, శూలగిరి, బాగలూరు, బేరికె, వేపనపల్లి ప్రాంతాల తెలుగు ఇడైసెవల్ తెలుగు కంటె అదృష్టవంతమైనది. తెలుగు సీమకు ఆనుకొనే ఉంది. తెలుగు బడులను ఎరుగును. లిపి ఇంకా చేతిలో ఉంది. ఇటీవలి దశాబ్దాల్లో ఈ ప్రాంత రచయితలు తమ పలుకుబడిలోనే కథలు వెలువరించారు. తమిళనాట తెలుగువారి బతుకులను స. వెం. రమేశ్ ‘కతల గంప’లోకి ఎత్తారు. అయితే ఈ అదృష్టం శాశ్వతం కాదు. 2006 చట్టం వల్ల తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి మొదటి భాషగా ఒక్కొక్క తరగతే పైకి జరుగుతూ 2015–16 నాటికి పదో తరగతిని చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలు మినహాయింపు కోసం న్యాయస్థానాల మెట్లు ఎక్కవలసి వచ్చింది. రాష్ట్రభాష నేర్వడం మంచిదే, అవసరమే. రాజనారాయణన్ జీవితమే దానికి సాక్ష్యం. కాని తమిళంతో పాటు తెలుగు రాత కూడా నిలవకపోతే రెండు తరాల్లో హోసూరు ఇంకొక ఇడైసెవల్ అవుతుంది. అప్పుడు కూడా ఒక గొప్ప నవల రావచ్చు. దాన్ని చదవడానికి మన మనుమలకు అనువాదకుడు కావాలి.

కనుక విద్యార్థులకు మా సూచన చిన్నది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటుపుస్తకం వెంట ఉంచుకోండి. అవ్వ రాగులు విసురుతూ వాడే మాటలు, తాత ఎద్దును పిలిచే పిలుపులు, పక్క ఊళ్ళో వేరుగా వినిపించే క్రియారూపాలు, ఊరు ఎలా పుట్టిందో చెప్పే కథలు రాసుకోండి. ‘ఇది శుద్ధమైన తెలుగు కాదు’ అని ఎవరైనా అంటే వినకండి. కరిసల్ తమిళాన్ని గురించి కూడా ఒకప్పుడు అలాగే అన్నారు. ఏ మాట ఏ ఊళ్ళో, ఏ వయసువారు, ఏ పనిలో వాడారో పక్కన గుర్తుపెట్టండి. కథ రాయగలవారు ఆ మాటలతో కథ రాయండి. రాయలేనివారు పట్టిక కూర్చండి. రాజనారాయణన్ రెండూ చేశారు. ఆయనకు లేనిదీ మీకున్నదీ ఒక్కటే, తెలుగు అక్షరం. దాన్ని వాడుకోండి.